లంకలో గేదె కోసం ఆగిన పడవ

మేలుజాతి గేదెల మీద వార్త రాయడానికి 2003 డిసెంబరులో అమలాపురం వెళ్లాను. ఊళ్లు తిరిగి పశువులకు కృత్రిమ గర్భధారణ సూదులు వేసే రాజు గారు, గోదావరి మధ్యనున్న ఒక లంక నుంచి ఫోన్ వచ్చిందని, తనతో రమ్మని అన్నారు. మధ్యాహ్నం బస్సులో ముమ్మిడివరం మీదుగా మురమళ్ళ చేరడానికి గంట పట్టింది. అక్కడి నుంచి ఆటోలో రేవుకు వెళ్లాం. పడవకు మనిషికి రెండు రూపాయలు. ముర్రా జాతి దున్న వీర్యాన్ని గడ్డకట్టించి ఉంచిన నైట్రోజన్ డబ్బాను రాజు గారు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు.

ఫోన్ చేసిన సత్యవతి గారు అవతలి ఒడ్డునే నిలబడి ఉన్నారు. ఆవిడ గేదెకు రెండుసార్లు సూది వేయించినా చూడి కట్టలేదు. ఈసారీ నిలవకపోతే అమ్మేయమని మస్కట్‌లో ఉన్న భర్త చెప్పారు. బేరగాడు వచ్చి చూసి వెళ్లాడు కూడా.

"తెల్లారి అరిచిందండీ. ఇదివరకు అరవగానే పడవెక్కించేసేవాళ్లం," అన్నారావిడ.

ఇబ్బంది అక్కడే వచ్చింది. పొద్దున ఎదకు వచ్చిన గేదెకు సాయంత్రం సూది వేయాలి. లంకవాళ్లకు అది తెలుసు. కానీ అవతల పశువుల ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉంటే తిరుగు పడవ ఉండదు. అందుకని వేళ కాకముందే వేయించుకుని వచ్చేసేవారు. ఈసారి గేదె బదులు డబ్బా నది దాటింది. ఇప్పుడు పడవ ఆగాలి.

"మా పడవ టైము చూసుకుని ఎదకి రమ్మని మీ గేదెకి చెప్పండి వదినగారూ," అన్నారు పడవ నడిపే అప్పారావు గారు.

"చెప్పేనండి. మీకన్నా అదే నయం, తలైనా ఊపింది."

ఆయన నవ్వి లంగరు తాడు మళ్లీ కట్టేశారు. "ఆయ్, ఉంటానండీ. కానివ్వండి."

పొద్దు వాలాక రాజు గారు వీర్యం గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచి తీశారు. సూది వేయడం కొద్ది నిమిషాల పనే. మేం రేవుకు వచ్చేసరికి చీకటి పడింది. అప్పారావు గారు పడవ అంచున లాంతరు వెలిగించి కూర్చున్నారు. ఎక్కువ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

మరుసటి ఏడాది కార్తీకంలో మళ్లీ వెళ్లాను. కొట్టంలో పెయ్యదూడ కట్టేసి ఉంది. "జున్ను వేళకి రాలేదు మీరు. టీతో సరిపెట్టుకోండి," అన్నారు సత్యవతి గారు. అప్పారావు గారింటికి వెళ్లాల్సిన పాలచెంబు అరుగు మీద సిద్ధంగా ఉంది. మేలుజాతి అంటే దున్న ఏది, పాలు ఎన్ని అనే అడుగుతాం. ఈ దూడ పుట్టిందంటే మాత్రం ఒక పడవ ఒక సాయంత్రం ఆగింది కనుకే. ఆయనకు నేనూ రుణపడి ఉన్నాను, నన్నూ ఆయనే ఒడ్డుకు చేర్చారు.

లంకకు వెళ్లేవాళ్లు ఆఖరి పడవ ఎప్పుడో ఎక్కేముందే అడగండి. మీరెక్కే పడవలో నైట్రోజన్ డబ్బా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. పని అయ్యేదాకా పడవ కదలదు.