నాలుగో బెండు

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను పాపకు ఇడ్లీ తినిపిస్తున్నాను. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుందట. అంతే. తిరువళ్ళూరు నుంచి నేను మా ఊరు వెంగల్ చేరేసరికి ఇంటి ముందర షామియానా వేసేశారు.

మా పొలం బావిలో ఊరి ఆడపిల్లలకు ఈత నేర్పింది ఆవిడే. ఎండిన మునగకొయ్య ముక్కలు నాలుగు తాడుకు కట్టి వీపుకు బిగించేది. వాటిని బెండ్లంటాం, నీళ్ళలో మనిషిని తేలుస్తాయి. ఈత పట్టుబడేకొద్దీ ఒక్కొక్కటీ తీసేసేది. ఎప్పుడు తీయాలన్నది ఆవిడ ఇష్టం, ఏడ్చినా లాభం లేదు. ఆవిడ మాత్రం నీళ్ళలోకి దిగేది కాదు. మూడో మెట్టు మీద కూర్చుని నోటితోనే ఈదించేది. ఆ నోరు తక్కువదేమీ కాదు.

పాప పుట్టినప్పుడు నాకు ఆపరేషన్ కాన్పు అయింది. పుట్టింట్లో ఐదో వారం. ఎండలు మండిపోతున్నాయి, గడప దాటనివ్వరు. బావిలో పెరిగినదాన్ని, నాకేమవుతుందిలే అని ఒక మధ్యాహ్నం పాపను అమ్మ పక్కలో పడుకోబెట్టి వెళ్ళి దిగాను. రెండు చుట్లు కొట్టేసరికి కుట్టు దగ్గర పట్టి లాగింది. పైకొచ్చి చూసుకుంటే, ఆగిపోయిందనుకున్న రక్తం మళ్ళీ కనబడింది. మెట్ల మీదే కూలబడ్డాను. నేను లేకపోతే పాప ఏమవుతుందన్న ఆలోచన మొదటిసారి వచ్చింది.

గడ్డి కోసుకుని వస్తూ అత్త చూసింది. తిట్టలేదు. తన చీర కొంగు కప్పి, ఆటో పిలిచింది.

"ఇంట్లో చెప్పొద్దత్తా," అన్నాను.

"ఇంట్లో చెప్పకుంటే పోనీ. డాక్టరమ్మకు చెప్పాల. యాడ నొప్పి, ఎంత రక్తం, అన్నీ."

డాక్టరమ్మ పరీక్ష చేసి, గండం ఏమీ లేదని, తను చెప్పేదాకా నీళ్ళ జోలికి పోవద్దని పంపింది. తిరిగొచ్చేటప్పుడు నా ఉక్రోషం నాది: "నువ్వు నీళ్ళల్లోకే దిగవు. నీకెట్ల తెలుసు ఇదంతా?"

అత్త బయటికి చూస్తూ చెప్పింది.

"మీ బావ పుట్టిన ఇరవయ్యో దినం. బావిలో మోటారు పైపుకు చెత్త పట్టుకునింది. వరి ఎండిపోతా ఉండె, మొగోళ్ళు ఎవరూ లేరు. దూకినాను, తీసినాను. పది దినాల్లో గర్భసంచి జారింది. దగ్గితే చీర తడిసేది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి పోయేసరికి ముప్పై ఏండ్లయింది. ఈతంటే నాకు ప్రాణం పాపా. ఆ సిగ్గులోనే మునిగిపోయినాను."

ఇన్నేళ్ళూ ఆవిడకు నీళ్ళంటే భయమనుకున్నాను.

మీలో కొత్త తల్లులుంటే ఆవిడ మాటే చెబుతాను: రక్తం నిలవాలి, కుట్టు మానాలి, డాక్టరమ్మ సరే అనాలి. మూడూ అయ్యాకే నీళ్ళు.

నాకు అవన్నీ అయ్యేసరికి నాలుగో నెల వచ్చింది. బావి దగ్గరికి వెళ్తే అత్త నాలుగు బెండ్లూ తెచ్చి కట్టబోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"కాలేజీలో మెడల్ తెచ్చినదాన్నత్తా."

"ఆ మెడల్ తెచ్చిన ఒళ్ళు యాడుంది? ఇది కొత్త ఒళ్ళు. దీనికి ఈత రాదు."

నాలుగూ కట్టాక అత్త నియమాలు చెప్పింది: పాపకు పాలిచ్చి రావాలి. దూకకూడదు, మెట్లు దిగే వెళ్ళాలి. పది నిమిషాలే. "అలిసినాక గాదు, అలిసేలోపల ఎక్కాల." ఎక్కాక మెట్టు మీద కూర్చుని, డాక్టరమ్మ నేర్పినట్టు, మూత్రం ఆపుకున్నట్టుగా కింద బిగించి వదలాలి. అత్త వేళ్ళు మడిచి లెక్కపెట్టేది. ఆ సేపు మాత్రం మాట్లాడేది కాదు. తనూ నాతోపాటు చేసేదేమో, నేనడగలేదు.

నేను వెంగల్ వచ్చినప్పుడల్లా చూసి, నెలలు గడిచేకొద్దీ మూడు బెండ్లు తీసింది. నాలుగోది ఎప్పుడంటే, "తీస్తాలే, తొందరేమి," అనేది.

పదకొండో రోజు కర్మ అయ్యాక బావికి వెళ్ళాను. ఒంటరిగా దిగకూడదన్నది అత్త నియమం, అందుకని తమ్ముడి భార్య పాపను ఎత్తుకుని గట్టు మీద నిలబడింది. బెండు తాడును ముడి విప్పకుండానే తల మీంచి తొడుక్కుని మూడో మెట్టు దాకా దిగాను. అక్కడ ఆగి, తాడు విప్పబోయాను. అత్త పోయినసారి బిగించిన ముడి, సులువుగా రాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. చివరికి పళ్ళతో లాగి విప్పి, బెండును ఆ మెట్టు మీద పెట్టాను.

పది నిమిషాలు ఈదాను. అలిసేలోపలే తిరిగాను. ఎండ మెట్ల మీదికి దిగింది. మూడో మెట్టు మీద బెండు తడవకుండా ఉంది.