కోటప్పకొండ దారిలో బీరూట్ గాయని

పల్నాడు జిల్లా ఏర్పడిన తర్వాత వచ్చిన మొదటి మహాశివరాత్రికి పదకొండు రోజుల ముందు, నరసరావుపేటలో స్పెషల్ బ్రాంచి సబ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్న నాకు ఒక ఫైలు అందింది. స్పెషల్ బ్రాంచి అంటే పోలీసు శాఖలో లాఠీ పట్టని విభాగం. మేము మఫ్టీలో తిరుగుతాం, వింటాం, రాస్తాం. రాసింది పైవాళ్లు చదువుతారన్న నమ్మకం మీద ఆ విభాగం నడుస్తుంది.

ఫైలులో ఉన్నది ఒక ఊరి ప్రభ కమిటీ దరఖాస్తు. శివరాత్రికి మా వైపు ఊళ్లు టేకు చట్రం మీద వెదురు, రంగు బట్టలు, బల్బులు కట్టి ఎనభై తొంభై అడుగుల ప్రభ లేపి, ట్రాక్టర్లతో లాక్కొచ్చి త్రికోటేశ్వరుడి కొండ కింద నిలబెడతాయి. ప్రభ ముందు ట్రైలరు మీద వేదిక ఉంటుంది. ప్రభ స్వామికి, వేదిక జనానికి. జనం ఎవరికోసం వస్తున్నారన్న అనుమానం ఈ మధ్య స్వామికి కూడా వచ్చే ఉంటుంది. అంతకుముందు ఏడాది పక్క ఊరివాళ్లు ఒక సినిమా హాస్యనటిని తెచ్చారు. అందుకని ఈ ఊరివాళ్లు దేశం దాటారు. 'ప్రఖ్యాత అరబ్బు గాయని, సినీనటి సుహైలా నజ్జార్ గారిచే నృత్య సంగీత విభావరి' అని దరఖాస్తులో రాశారు. ఆమె జీవితం, వృత్తి, వీసా స్థితి విచారించి, అనుమతి ఇవ్వవచ్చో లేదో పేజీన్నరలో నివేదిక పంపమని నాకు ఉత్తర్వు. ఒక మనిషి జీవితానికి పేజీన్నర చాలునని మా శాఖ అభిప్రాయం. చాలామంది విషయంలో అది ఎక్కువే.

ఆ ఊరి పేరు రాయను. అది మా ఊరే. ఆ ప్రభ కూడా ఒకప్పుడు మాదే. తాతగారి రోజుల్లో మా ఇంటి పేరుతోనే కొండకు కదిలేది. మా నాన్నగారు పొలాలు, పత్తి మిల్లు ఒక్కొక్కటే వదిలించుకుని, చివరికి ప్రభ చట్రాన్ని కొండ కింద దాని స్థానంతో సహా ఊరికి అమ్మేశారు. మాకు మిగిలిన హక్కు ఒకటే: ప్రభ కదిలే ముందు మొదటి కొబ్బరికాయ మా ఇంటివాడు కొట్టాలి. ఇరవై రెండేళ్లుగా నేను ఆ కాయ కొట్టడానికి వెళ్లలేదు. అమ్ముకున్న వస్తువుకు పూజ చేసే అలవాటు నాకు లేదు.

అప్పటికి నాకు సర్వీసు పద్నాలుగు నెలలు మిగిలి ఉంది. ఇన్‌స్పెక్టరు పదోన్నతి జాబితాలో నా పేరు ఉంది. ఆ పద్నాలుగు నెలలు మచ్చ లేకుండా గడిస్తే భుజాన మూడు నక్షత్రాలతో దిగిపోతాను. మా వంశంలో ఒకరి కింద పనిచేసిన మొదటివాణ్ని నేను. చేసినందుకు మూడో నక్షత్రమైనా ఉండాలని నాకుండేది. ఇది దాచుకోవలసిన కోరిక అని ఇప్పటికీ అనుకోను.

మొదట కమిటీ అధ్యక్షుడు వెంకట్రామయ్య వాంగ్మూలం తీసుకున్నాను. ఆయనకు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"చిన్నబాబుగారూ, కబురంపితే మేమే వచ్చేవాళ్లం గదా" అన్నాడు.

అరవై దాటిన నన్ను ఆయన ఇంకా చిన్నబాబు అంటాడు. అందులో గౌరవం పాలెంతో, గుర్తుచేయడం పాలెంతో తేల్చే పరికరం మా శాఖ దగ్గర లేదు.

అరబ్బు గాయనే ఎందుకని అడిగాను.

"ఆళ్లు కామెడీ ఆమెను తెచ్చారు. మనం ఫారిన్ తెచ్చాం. వచ్చే ఏడు ఆళ్లు చందమామ మీదనించి తెచ్చుకోవాల" అని ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఏదో సినిమా పాట. ఒకామె నడుముకు గవ్వలు కట్టుకుని ఊపిరి సలపకుండా ఆడుతోంది. హైదరాబాదు ఏజెంటు పంపిన ఆ వీడియోను పదిహేనుమంది కమిటీ సభ్యులు పలుమార్లు పరిశీలించి తీర్మానం చేశారట. ఇంత శ్రద్ధగా వాళ్లు ఏ పొలం దస్తావేజూ చదివి ఉండరు.

సుహైలా అప్పటికే నరసరావుపేటలో ఒక హోటల్లో దిగింది. విదేశీయులు ఎక్కడ దిగినా ఆ హోటలువాళ్లు ఇరవై నాలుగు గంటల్లో ఫారం-సి అనే వివరాల పత్రం మాకు పంపాలి. అది అందింది. తెలుగు, హిందీ రావు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు. దుబాసీగా గురజాల బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్న మస్తాన్‌బీని పిలిపించాను. ఆమె కువైట్‌లో పన్నెండేళ్లు ఒక ఇంట్లో వంట చేసి వచ్చింది.

"నాది వంటింటి అరబ్బు సారూ. కోర్టు అరబ్బు అడగమాకండి" అని ముందే చెప్పింది.

గది తలుపు తెరుచుకోగానే మస్తాన్‌బీ చెప్పులు వదిలేసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"సారూ, ఈమె నిజం సుహైలానే" అంది.

"నిజం కాకపోతే ఇంకెవరనుకున్నావు?"

"మనోళ్లు తెచ్చారంటే ఎవరో అనుకున్నా. మా మేడమ్ మొగుడితో గొడవైనప్పుడల్లా తలుపేసుకుని ఈమె పాటే పెట్టుకునేది. నేను బయట గిన్నెలు తోముకుంటా ఏడ్చేదాన్ని."

"గొడవ ఆమెకైతే నువ్వెందుకు ఏడవడం?"

"పాట బాగుంటది గదా సారూ."

వాంగ్మూలం రెండు గంటలు పట్టింది. సుహైలా వయసు నలభై తొమ్మిది. పాస్‌పోర్టులోనూ అంతే. నటీమణుల విషయంలో ఇలాంటి ఏకీభావం నేను చూడటం అదే మొదలు. పుట్టింది లెబనాన్ ఉత్తరాన ఒక రేవు ఊళ్లో. తండ్రి మంగలి, సాయంత్రాలు ఊద్ అనే తంత్రీవాద్యం వాయించేవాడు. పదకొండో ఏట నుంచి పెళ్లిళ్లలో పాడింది. పందొమ్మిదో ఏట బీరూట్‌లో టీవీ పోటీలో రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వచ్చినవాడు ఇప్పుడు కార్లు అమ్ముతున్నాడని చెప్పేటప్పుడు ఆమె నవ్వు దాచుకోలేదు. తర్వాత కైరో, నాలుగు క్యాసెట్లు, ఏడు సినిమాలు. సినిమాల్లో ఎప్పుడూ ఒకే వేషం: మంచి పాట పాడి, మోసపోయి, రెండో సగంలో కనబడకుండా పోయే మనిషి. తన పాటల నిర్మాతనే పెళ్లాడింది. విడాకుల నాడు ఆయన కాగితాలు తెచ్చాడు. ముప్పై ఒక్క పాటలు ఆయన కంపెనీవి. టిక్కెట్టు పెట్టిన ఏ వేదిక మీదా, ఏ టీవీలోనూ ఆమె వాటిని పాడకూడదు. వాటిలో పదకొండు పాటలకు వరసలు కట్టింది వాళ్ల నాన్న.

ఆరేళ్లుగా ఆమె జనం ముందు ఆ పాటలు పాడలేదు. కొండ తిరునాళ్లలో టిక్కెట్టు ఉండదని ఏజెంటు చెప్పాడట. ఆ ఒక్క మాటకు వచ్చింది. పారితోషికం కూడా అడగలేదు.

వెంకట్రామయ్య వీడియో చూపించాను. అందులో ఆడుతున్నది ఆమె కాదు. వెనకాల స్తంభం మీద చెయ్యి వేసి, కదలకుండా నిలబడి పాడుతున్న మనిషి ఆమె. పదిహేనుమంది పరిశీలించినా ఆ స్తంభం వైపు ఒక్కరూ చూడలేదు. ఆమెకు నృత్యం రాదు. ఏ రోజూ ఆడలేదు.

వీసా చూశాను. పర్యాటక వీసా. దాని మీద వచ్చినవాళ్లు డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా వేదిక ఎక్కి ప్రదర్శన ఇవ్వకూడదు. ఇస్తే జిల్లా విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి, అంటే ఎస్పీ గారు, దేశం విడిచి వెళ్లమని నోటీసు ఇవ్వవచ్చు. మళ్లీ వీసా రావడం కష్టం. సిఫారసు చేయడం లేదని రాశాను. అనుమతి రాలేదు.

అప్పటికే పేట నుంచి కొండ దాకా ఫ్లెక్సీలు కట్టేశారు. వెంకట్రామయ్య నన్ను వెంటబెట్టుకుని హోటలుకు వచ్చి రాజీ మార్గం చెప్పాడు.

"పాడొద్దమ్మా. ట్రైలర్ మీద నిలబడి పెదాలు కదుపు, చాలు. సీడీ మేం పెడతాం. మన హీరోయిన్లందరూ చేసేది అదే."

మస్తాన్‌బీ అది అరబ్బులో చెప్పింది. సుహైలా చాలాసేపు మాట్లాడింది.

"ఏమందే?" అన్నాడు వెంకట్రామయ్య.

"ఆ సీడీ వాళ్లాయనదంట అన్నా. వాళ్లాయన సీడీకి ఈమె నోరు తెరవదంట. ఇంకోమాట కూడా అంది, అది నేను చెప్పను."

ఆ తర్వాత సుహైలా నా వైపు తిరిగి, ఏది నిషేధమో సరిగ్గా చెప్పమంది. చదివి వినిపించాను. వేదిక ఎక్కకూడదు. మైకు పట్టకూడదు. ప్రకటించిన కార్యక్రమంలో పాల్గొనకూడదు. ప్రతిఫలం తీసుకోకూడదు. మస్తాన్‌బీ ఒక్కొక్కటీ చెబుతుంటే ఆమె వేళ్లు ముడిచింది. నాలుగు వేళ్లు ముడిచి, మిగిలిన బొటనవేలు చూసుకుంది. భక్తురాలిగా ప్రభ వెంట నడవవచ్చా అని అడిగింది. నడవవచ్చన్నాను. నడిచేవాళ్లను ఆపే నిబంధన ఏదీ లేదు.

శివరాత్రి నాడు ఆమె వెంట నాకు డ్యూటీ వేశారు. విదేశీయురాలి భద్రత అని ఉత్తర్వులో ఉంది. ఆమె నుంచి శాఖ భద్రత అని నేను చదువుకున్నాను. మా ఊరి ప్రభ పక్కన ఇరవై రెండేళ్ల తర్వాత, కాయ కొట్టకుండానే, నడిచాను.

సాయంత్రం నాలుగున్నరకు కొండ రోడ్డు మీద హైటెన్షన్ తీగల దగ్గర ప్రభ ఆగింది. ఎత్తయిన ప్రభ తీగల కింద దాటాలంటే విద్యుత్ శాఖ వాళ్లు సరఫరా ఆపుతారు. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు. ప్రభ మీది జనరేటరు కూడా ఆపాలి. జనరేటరు ఆగితే బల్బులు, సౌండు బాక్సులు, డీజే అన్నీ ఆగుతాయి. రోజంతటిలో పక్కమనిషి మాట వినబడేది ఆ కాసేపే. వెనక మరో అయిదు ప్రభలు వరుసలో నిలబడ్డాయి. అవి కూడా జనరేటర్లు ఆపాయి.

సుహైలా ట్రైలరుకు దూరంగా, రోడ్డు పక్క కంకర కుప్ప దగ్గరకు వెళ్లి నిలబడింది. పాడటం మొదలుపెట్టింది. మైకు లేదు. చేతులు కూడా కదపలేదు.

ముందు కుర్రకారు గోల చేసింది. "ఏందిరా ఇది, స్టెప్పులేయి?" "ఫ్లెక్సీలో నడుముంది గదరా, ఇక్కడ లేదేంది?" వాళ్ల వెనక రోడ్డు మీద కూర్చున్న ముసలివాళ్లు వాళ్లను కసిరారు. మా వైపు ముసలివాళ్లు హార్మోనియం పెట్టుకుని పద్యనాటకాలు విన్నవాళ్లు. ఒక పాదాన్ని ఎంతసేపు లాగవచ్చో, ఎక్కడ దించాలో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె ఒకే మాటను ఎత్తి, తిప్పి, విరిచి, మళ్లీ అతికించి కింద పెట్టింది. రెండో వరసలోంచి ఒకాయన "వన్స్ మోర్" అని కేక వేశాడు.

ఆ కేక ఏ దేశంలోనైనా ఒకటేనేమో. ఆమె మళ్లీ అక్కడి నుంచే ఎత్తుకుంది. ఈసారి వేరుగా పాడింది. మళ్లీ వన్స్ మోర్. చుట్టూ చేరిన ఆడవాళ్లు మస్తాన్‌బీని గిల్లుతున్నారు.

"ఏమంటందే?"

"వాళ్ల నాయన కొట్టు మూసేశాడంట. తాళమేసి ఇంటికొచ్చి, తాళం పడిందో లేదోనని మళ్లీ ఎల్లి చూసొచ్చాడంట."

"అంతేనా?"

"అంతే. చూసొచ్చాడంట, చూసొచ్చాడంట. మాట్టాడకుండా వినండే అత్తా."

లైన్‌మన్ నా దగ్గరకు వచ్చాడు. "సార్, ప్రభ సగం దాటి తీగల కిందే ఆగిపోయింది. డ్రైవర్ దిగిపోయాడు. కదిలితేగాని కరెంటు ఇయ్యలేను. పొద్దుగూకితే పదూళ్లు చీకట్లో పడతాయి" అన్నాడు. ట్రాక్టరు డ్రైవరు నిజంగానే చక్రం మీద కూర్చుని చెంప మీద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు.

వెంకట్రామయ్య వచ్చి, "చిన్నబాబుగారూ, ఆపమంటారా?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఏది ఆపడం? వేదిక ఎక్కిందా? మైకు పట్టిందా?" అన్నాను.

ఆయన నన్ను ఒకసారి చూసి, తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, తనూ కంకర కుప్ప వైపు నడిచాడు. డ్రైవరును పిలిచి బండి ఎక్కమని నేను ఒక్క మాట అంటే చాలు, ప్రభ కదిలేది, జనరేటరు మోగేది, పాట ఆగేది. నాకు ఆ సంగతి తెలుసు. నా పదోన్నతి సంగతి కూడా తెలుసు. ఇరవై ఎనిమిది నిమిషాల తర్వాత ఆమె తనంతట తనే ముగించింది. ముసలివాళ్లు చప్పట్లు కొట్టలేదు, లేచి నిలబడ్డారు. ఆమె మస్తాన్‌బీ ఇచ్చిన సీసా ఎత్తి నీళ్లు తాగి, జనంలో కలిసి కొండ వైపు నడిచింది. మూడో రోజు ఆమె విమానం ఎక్కినట్టు మాకు సమాచారం అందింది. నోటీసు అవసరం పడలేదు.

'ప్రకటించిన కార్యక్రమం జరగలేదు. సదరు విదేశీయురాలు వేదిక ఎక్కలేదు, మైకు వాడలేదు, ప్రతిఫలం పొందలేదు' అని నివేదిక రాశాను. ప్రతి అక్షరం నిజం. నెలలోపు వెనక ప్రభలవాళ్లలో ఒకరు ఫిర్యాదు చేశారు. విద్యుత్ పునరుద్ధరణలో జాప్యం జరుగుతుంటే అక్కడే ఉన్న అధికారి ఎందుకు చర్య తీసుకోలేదో సంజాయిషీ ఇమ్మని నాకు మెమో వచ్చింది. పాట వింటున్నానని రాయడానికి మా ఫారాల్లో గడి లేదు. చర్య అవసరమని భావించలేదని రాశాను. ఇకపై జాగ్రత్తగా ఉండవలసిందిగా హెచ్చరిక అని నా సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. జాబితాలో నా పేరు దాటి కింది పేరుకు పదోన్నతి వెళ్లింది. నేను రెండు నక్షత్రాలతోనే దిగాను.

కొత్తగా ఈ శాఖలో చేరే పిల్లలు అనుభవం చెప్పమని అడుగుతుంటారు. ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. ఆపే అధికారం ఉన్నవాడు ఆపకుండా నిలబడితే అదీ ఒక ఉత్తర్వే. దాని కింద కూడా ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. నేను పెట్టాను.