ఆ శుక్రవారం పీల్చిన పంపు

"ఆయాసం పరీక్షప్పుడు భయమేసిందా నాయనమ్మా?" అని మొన్న ఫోన్లో అడిగావు చిన్నీ. లేదు. భయం ఆ తర్వాత వేసింది. అది ఇన్నేళ్లయినా గుండెల మీద నుంచి దిగలేదు. ఆ సంగతి మీ తాతకు కూడా చెప్పలేదు. పుణెలో ఉన్న నీకూ తమ్ముడికీ ఇప్పుడు రాస్తున్నాను.

ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఉండేది. ఉబ్బసం ఉన్నవాళ్లకు పడనిది లోపలికి పోతే ఊపిరి ఏమవుతుందో తెలుసుకోవడం ఆమె పని. నాకు పడనిది పరుపుల దుమ్ము. దాని సారాన్ని నీళ్లలో కలిపి, ఆవిరిగా కొంచెం కొంచెం పీల్చమని, ప్రతిసారీ ఊపిరి కొలిచే గొట్టంలోకి ఊదించేది. నేను ఊదుతుంటే తనూ ఊపిరి బిగబట్టేది. అంత ఓపిక నేనెక్కడా చూడలేదు. ముందురోజు నుంచి ఆయాసం తగ్గించే మందు పంపు, అదే ఇన్‌హేలర్, పీల్చకూడదు. అదొక్కటే ఆమె షరతు.

ఆ రోజు శుక్రవారం. మా బస్తీ జహనుమాలో ఇల్లంతా సాంబ్రాణి పొగ తిప్పందే నేను గడప దాటను. పరీక్ష ఉందని తెలిసీ తిప్పాను. ఊపిరాడలేదు. రెండుసార్లు పంపు పీల్చి ఆటో ఎక్కాను.

"అమ్మా, పొద్దుగాల పంపు గిట్ల పీల్చినవా? పీల్చినా ఫికర్ లేదు, ఇంకో దినం చేద్దాం" అంది డాక్టరమ్మ.

"లే బిడ్డా, ముట్టనే లే."

"నాకెర్కనే! నా మాట ఇనేది నువ్వొక్కదానివే. మిగతోళ్లంతా నాకు టోపీ పెడ్తరు."

ఆ మెప్పు పోతుందనే అబద్ధమాడానా? ఇంకో రోజు చేద్దామన్న మనిషికి నిజం చెప్పడానికి నాకేం అడ్డమొచ్చింది?

పంపు బలంతో నా ఊపిరి తగ్గలేదు. తగ్గలేదని ఆమె దుమ్ము మోతాదు పెంచింది. మధ్యాహ్నం దాటాక, ఆ బలం పోయాక, ఛాతీ బిగుసుకుపోయింది. ఆమె అన్నం కూడా తినకుండా నా పక్కనే కూర్చుని, మాస్కు పట్టుకుని, వీపు రాస్తూనే ఉంది. నేను తేరుకున్నాక పెద్ద డాక్టరు వచ్చి అందరి ముందు ఆమె మీద అరిచాడు.

"మోతాదు నేనే ఎక్కువ పెంచిన సార్. తప్పు నాదే" అంది.

నేను కళ్లు మూసుకున్నాను. నిద్రపోతున్నట్టు.

ఇదీ నేను చేసింది. రాశాక చెయ్యి కొంచెం తేలికైంది, అంతే. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇచ్చేది కాదు.

నెల తర్వాత ఆమెకు నిజం చెబుదామనే వెళ్లాను. ఆమె వేరే ఊరు వెళ్లిపోయిందన్నారు. నా అబద్ధం వల్ల ఆ పనే మానేసిందేమోనన్న భయంతో అక్కడున్న నర్సును అడిగాను. జవాబు చెప్పేలోపే ఎవరో పిలిస్తే ఆ పిల్ల పరుగెత్తింది. నేనడిగిన మాట ఇదే:

"ఆ డాక్టరమ్మ గీ పరీక్ష మళ్ల ఎవరికన్నా చేస్తున్నదా బిడ్డా?"