మీటరు నూటికి నూరు చూపించిన రోజు

ఈ రోజు న్యూజిలాండ్‌లోని టౌరంగాలో ఒక కివీ పండ్ల ప్యాక్‌హౌస్‌కి కరెంటు పని మీద వెళ్ళాం. అక్కడి కోల్డ్ స్టోర్ ఫ్యాన్ మోటారుకి మా సీనియర్ రమణ గారు పోయిన వారమే కొత్త కెపాసిటర్ పెట్టించారు. లాగిన కరెంటులో ఎంత పనికొస్తోందో చెప్పే పవర్ ఫ్యాక్టర్ మీటరు ఇప్పుడు సరిగ్గా ఒకటి చూపిస్తోంది, అంటే నూటికి నూరు మార్కులన్నమాట. మేనేజరు ఆయన భుజం తట్టాడు. నాకు మాత్రం అనుమానం మొదలైంది. నూటికి నూరు వస్తే మా అమ్మ మెచ్చుకునేది కాదు, పక్కన ఎవరు కూర్చున్నారని అడిగేది.

"రమణ గారూ, ఖాళీగా తిరిగేటప్పుడు ఈ మోటారు ఎంత కరెంటు లాగుతుందో కొలిచారా? కెపాసిటర్ దాన్ని మించకూడదు కదా."

"అదెందుకమ్మా? ఫుల్ లోడ్‌కి లెక్కేసి పెట్టాను. మీటరు చూశావుగా! నీకు అన్నిటికీ అనుమానమే."

"ఓసారి ఆపి చూద్దామండీ."

స్విచ్ ఆపారు. ఫ్యాన్ ఇంకా తిరుగుతోంది, అది మామూలే. కానీ మోటారు వైర్లకి కలిపిన ఇండికేటర్ దీపం ఆరలేదు. కెపాసిటర్ మరీ పెద్దదైతే, లైను తీసేసినా తిరుగుతున్న మోటారు తనే కరెంటు పుట్టిస్తుంది. దీపం వైపు చూడకుండానే రమణ గారు మోటారు వైర్లు కలిసే టెర్మినల్ బాక్స్ మూత తీయబోయారు. గబుక్కున చెయ్యి పట్టుకుని లాగాను.

దీపం ఆరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

"చిన్న కెపాసిటర్ తెప్పిద్దాంలే" అన్నారాయన, చెయ్యి తడుముకుంటూ.

చిన్నది పెట్టాక మీటరు ఒకటికి కాస్త తక్కువే చూపిస్తుంది. అప్పుడు మేనేజరు నన్నే అనుమానంగా చూస్తాడు. అంతా మరీ బాగుందంటే మీకూ భయమేస్తుందా, లేక ఈ జబ్బు నాకొక్కదానికేనా?