అటక మీది డబ్బా

నా కంప్యూటర్లో విండోస్ లేదు. చదువుకునే రోజుల నుంచీ లినక్సే వాడుతున్నాను. అరకులో మా ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి కేబుల్ లాగడం తప్ప మరేమీ తెలియదని నా నమ్మకం. మా లినక్స్ గ్రూపులో అందరిదీ అదే మాట. వాళ్లిచ్చిన వైఫై డబ్బాని కవర్లో చుట్టి అటక మీద పడేశాను. దాని బదులు ఒక పాత కంప్యూటర్‌కి లినక్స్ ఎక్కించి వాడుకుంటున్నాను.

మొన్న వానల్లో నెట్ పోయింది. కస్టమర్ కేర్ అమ్మాయి ఏ విండోస్ అని అడిగింది. పది అన్నాను. డబ్బా ఆపి మళ్లీ వేశారా అంది. వేశానన్నాను. లినక్స్ పేరెత్తితే మనిషిని పంపరు, అడిగినవన్నీ చేశానని చెప్పెయ్యమనేది మా గ్రూపులో పాత సలహా.

దాంతో లైన్లో లోపమని రాసుకుని, కింది ఊళ్లో ఉండే లైన్‌మన్‌ని పంపారు. యాభై దాటిన మనిషి. కాఫీ తోటల మధ్య స్తంభం నుంచి స్తంభానికి రెండు రోజులు తడుస్తూ తిరిగాడు. రెండో రోజు సాయంత్రం ఫోన్ చేసి డబ్బా మీద ఏ లైటు వెలుగుతోందని అడిగాడు. ఎరుపు అన్నాను. నెట్ ఇంకా రాలేదని మర్నాడు కంపెనీకి ఆరు అంశాలతో ఫిర్యాదు పంపాను. మూడోది, లైన్‌మన్ అసలు లైను చూసినట్టు లేదని.

ఆ మర్నాడు ఆయనే వచ్చాడు. మోకాళ్ల దాకా బురద.

“డబ్బా ఓపాలి సూపించండి బాబూ.”

నా పాత కంప్యూటర్ చూపించాను. కాసేపు చూసి, “మాదేదీ?” అన్నాడు.

అటక మీంచి దించాను. ఆయనే దుమ్ము తుడిచి తగిలించాడు. రెండు నిమిషాల్లో ఆకుపచ్చ లైటు వెలిగింది. నెట్ పోవడానికి ముందురోజు రాత్రి నా పాత కంప్యూటర్ సెట్టింగుల్లో నేనే ఒక వరస మార్చానని అప్పుడు గుర్తొచ్చింది.

“ఎర్ర లైటని సెప్పినారు కదా బాబూ.”

ఇంకొక్క ఫిర్యాదొస్తే పనిలోంచి తీసేస్తామని వాళ్ల సారు అంతకుముందే హెచ్చరించాడట. ఇప్పుడు నాది వెళ్లింది.

వెంటనే ఫోన్ తీసి, సమస్య పరిష్కారమైందని కంపెనీకి టైపు చేశాను. చదవమన్నాడు. చదివాను.

“అలగయితే నేను ఆలీసం సేసినట్టే ఉంటాది. లైను ముందునుంచీ బాగున్నాదని రాయండి.”

చెరిపేశాను. లైను మొదటి రోజు నుంచీ బాగానే ఉంది, డబ్బా అటక మీద ఉంది, విండోస్ అన్నదీ ఎర్ర లైటన్నదీ అబద్ధాలు అని రాశాను. అదీ పైకి చదవమన్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి వింటోంది. చివరిదాకా చదివాను.

“పంపినారా?”

పంపానన్నాను. తలూపి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన్ని ఉంచారో తీసేశారో తెలియదు. నంబరు నా ఫోన్లోనే ఉంది. మూడుసార్లు తీశాను. ఇంకా ఫోన్ చెయ్యలేదు.