ఘర్షణ లేని బండ

కాసింత ఆముదంతో ఒక పెద్దమనిషి నడుము, ఒక మేకపిల్ల పరువు, నా కూతురు పరీక్ష, మూడింటినీ ఒకే పొద్దున బురదలో కలిపిన ఘనురాలిని నేను. మార్కాపురం చుట్టుపక్కల ఇంకెవరైనా ఇంత పని చేసుంటే చెప్పండి, నోరు మూసుకుంటా. లేరు కదా? అయితే వినండి. నేను చెప్తావుంటే రాసేది నా కూతురు శ్రావణి. నాకు సంతకం వరకే వచ్చు. అది కూడా కాశమ్మ అంటే మూడక్షరాలు కాబట్టి. నాలుగుంటే వేలిముద్రే.

అప్పుడు శ్రావణి ఇంటరు మొదటేడు. అన్నీ పాసయింది గానీ ఫిజిక్సులో మెకానిక్స్ అని ఒక లెక్కల మూట ఉందంట, దాని కింద పడి తప్పింది. మళ్లీ రాయాల. మా పెద్దబావ, అంటే చనిపోయిన మా ఆయనకు అన్న, పంచలో కూర్చుని తీర్పు చెప్పినాడు.

"ఏమ్మా కాశమ్మా, ఈసారి కూడా తప్పిందంటే చదువు బంద్. కనిగిరిలో నా బట్టల దుకాణం ఉంది. గల్లాపెట్టె కాడ కూర్చుంటాది."

"తప్పదులే బావా" అన్నా పైకి. లోపల ఆ మాట నాకు మింగుడు పడలేదు. దుకాణం చెడ్డదని కాదు. బస్సు బోర్డు చదవలేక గిద్దలూరు పోవాల్సిందాన్ని పుల్లలచెరువులో దిగిన మనిషిని నేను. నా కూతురికి చదువు ఆగిపోతే నేను రెండోసారి దారి తప్పినట్టే.

ఇంక పరీక్షకు ముందురోజు. శ్రావణి పుస్తకం మొహానికి ఆనించుకుని ఒకే లెక్క గొణుగుతాంది. "నున్నని వాలు తలముపై ఒక వస్తువు కలదు. ఘర్షణ లేదు అనుకొనుము..."

"ఘర్షణ అంటే ఏందే?"

"రాపిడి మా. జారకుండా పట్టుకునేది. అది లేదనుకోవాలంట."

"అనుకునేదేంది? ఉందో లేదో చూసి చెప్పలేరా, అంత చదువుకున్నోళ్లు?"

"అబ్బా, అనుకోవాలమ్మా! ఇంతకీ బరువైనది ముందు దిగుతాదా, తేలికైనది ముందు దిగుతాదా? ఈడే తప్పుతా ఉన్నా."

"ఇది కూడా పుస్తకంలో రాసినారా? బరువైందే! గుండ్రాయి ముందా, గుడ్డపేలిక ముందా?"

నా బిడ్డ అదే రాసింది. వెనక పేజీలో జవాబు చూసుకుంది. తప్పు. ఏడుపు మొహం పెట్టింది.

చూడండి, తల్లి కడుపు. పిల్ల 'అనుకోలేక' ఏడుస్తాంటే నేను చూస్తా కూర్చుంటానా? మా పంచకు ఒక పక్క మెట్లు, ఒక పక్క వాలుగా పలకరాతి బండ. మా ఆయన బతికుండగా మోపెడ్ పైకి ఎక్కించేదానికి గని నుంచి తెచ్చి వేయించినాడు. అసలే నున్నన. ఇంకొంచెం నున్నన చేస్తే పుస్తకంలో తలం నా వాకిట్లో దిగినట్టే కదా! ఆముదం సీసా తెచ్చినా. బాలింతకు పట్టించినట్టు ఆ బండకు తలా కాళ్లూ పట్టించినా. ఈగ వాలి, వాలినచోట నిలవలేక కింద దాకా పోయింది. అబద్ధమైతే అడగండి. ఈగను కాదు, నన్ను.

శ్రావణి కింద, బండకు ఎదురుగా, మంచం మీద కూర్చుని రెండు చెవులూ మూసుకుని చదువుకుంటాంది. చెప్పకుండా చేసి చూపిద్దామని నేను లోపలికి పోయి ఒక చేత్తో పీట, ఒక చేత్తో అగ్గిపెట్టె తీసుకున్నా. బరువైందొకటి, తేలికైందొకటి. ఐన్‌స్టీను కూడా ఇంత ఏర్పాటు చేసి ఉండడు.

సరిగ్గా అప్పుడే పెద్దబావ మెట్లెక్కి వచ్చినాడు. రేపు పరీక్షకు శ్రావణిని బండి మీద తీసుకుపోవాల్సింది ఆయనే.

"ఏమ్మా, రేపు ఎన్నింటికి రావాల?"

"తెల్లారంగానే రాండి బావా. ఉండండి, మజ్జిగ తెస్తా."

ఆ నోటితోనే ఆముదం మాట కూడా చెప్పాలా లేదా? చెప్పలేదు. బుర్రలో ఉంటే కదా. పీట పక్కన పెట్టి మజ్జిగ చిలుకుతా ఉన్నా. ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు బండ. నేను గ్లాసు పట్టుకుని గడప దాటేసరికి ఆయన మజ్జిగకు ఆగకుండా బండ అంచున నిలబడి పంచె సర్దుకుంటన్నాడు. ఆయన పంచె కొంగు నములుతా మా మేకపిల్ల.

నా నోట్లో మాటలన్నీ పారిపోయినాయి. పొద్దుట్నుంచి విన్న మాట ఒక్కటే మిగిలింది.

"బావా! ఆగండి! ఘర్షణ లేదు!"

ఆయన వెనక్కి తిరిగి నవ్వినాడు. "ఉంటే కదమ్మా! ఇన్నేండ్లలో నీకూ నాకూ ఎప్పుడన్నా ఘర్షణ వచ్చిందా?" అని కాలు పెట్టినాడు.

ఇంక ఆ కాలు ఆయనది కాదు. రెండో కాలు మొదటి కాలును ఎతుక్కుంటా పోయింది. బస్తా మాదిరి మనిషి దబ్బున కూలబడి, చేతులు రెండూ పైకెత్తి, ఊరేగింపులో ఉత్సవ విగ్రహం లెక్క కదిలినాడు. ఆయన వెంట మేకపిల్ల, నాలుగు కాళ్లు నాలుగు జిల్లాలకు చాపి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటా దిగి, కింద నేను అంట్లు తోమే బురదలో ఒకే చప్పుడుతో పడినారు.

"మ్మే!" అనింది ఒకరు. ఎవరని నన్ను అడగొద్దు.

శ్రావణి చెవుల మీద చేతులు తీసేసి ఎగిరి గంతేసింది. "అమ్మా! ఇద్దరూ ఒక్కసారే దిగినారు! బరువుతో పనే లేదు! రెండు పక్కలా కొట్టేయాల!"

పుస్తకంలో ఎమ్ అనే బరువు రెండు పక్కలా ఉంటే కొట్టేస్తారంట. ఆ సంగతి పెద్దబావకు ఎట్ల తెలుస్తాది?

"రెండు పక్కలా కొడతారా? ఒక పక్క పడినందుకే లేవలేకున్నా గదే!"

"నిన్ను కాదు పెదనాయనా, ఎమ్‌ను! ఇంకొక్కసారి జారవా? టైము చూసుకుంటా!"

నేను ఆయన్ను లేపుదామని పరిగెత్తినా. ఎటునుంచి? ఇంకెటునుంచి, బండ మీది నుంచే! మజ్జిగ గ్లాసుతో సహా పోయి ఆయన మీదనే పడినా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆముదం పూయనేల, బావ నడుముకు ఉప్పు కాపడం పెట్టనేల!

నవ్వుల సంగతి సరే. మంచానికి అతుక్కుపోయిన మనిషి రేపు బండి ఎట్ల నడుపుతాడు? పరీక్ష వేళకు మార్కాపురం చేర్చే బస్సు మా ఊరికి లేదు. పిల్ల మొహం మళ్లీ వాడిపోయింది. నేను పాల ఆటో అబ్బాయిని బతిమాలినా. "అత్తా, క్యాన్లకే జాగా లేదు" అన్నాడు. "నా బిడ్డను కూడా క్యానే అనుకో నాయనా" అన్నా. చూసినారా, అవసరమైతే నాకు కూడా అనుకోవడం వస్తాది!

క్యాన్ల నడుమ ఇరుక్కుని పోయింది. సాయంత్రం పాలవాసన కొడతా వచ్చింది. "అమ్మా, అదే లెక్క! నున్నటి తలం మీద బరువు వస్తువు, తేలిక వస్తువు. ఏది ముందని అడిగినారు. పెదనాయనను తలుచుకుని రాసేసినా" అని నా మెడకు చుట్టుకుంది. నెల తిరక్కముందే ఫలితం వచ్చింది. పాసు. కాగల కార్యం గంధర్వులు తీర్చినారంటారు, మా ఇంట్లో ఒక మేకపిల్ల, ఒక బావ తీర్చినారు.

నేను భయపడతా మిఠాయి పట్టుకుని పోతే పెద్దబావ అప్పటికే పదిమందిని కూర్చోబెట్టుకుని చెప్తన్నాడు. "ఊరికే వస్తాయా పాసులు? నేను జారబట్టి కదా! ఆ మార్కుల్లో సగం నావి."

"సగం మేకపిల్లవి బావా, మరి శ్రావణికేం మిగిలింది?" అన్నా.

"ఎంసెట్టుంది కదమ్మా. దాంట్లో తెచ్చుకుంటాది" అన్నాడు ధీమాగా. దుకాణం మాట మళ్లీ ఎత్తలేదు.

మరుసటేడు ఎంసెట్టుకు మళ్లీ అవే పాఠాలు. ఒకరోజు ఆయన ముందరే శ్రావణి గట్టిగా చదివింది. "రెండు వస్తువులు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నవి అనుకొనుము." పెద్దబావ నా వైపు చూసినాడు. నేను మేకపిల్ల వైపు చూసినా. అది అప్పటికి కొమ్ములొచ్చి పోతయింది. అంతే, ఆయన సంచి సర్దుకుని కనిగిరి బస్సెక్కినాడు. పరీక్ష అయిపోయిందాకా ఊరి మొహం చూడలేదు.

కాబట్టి అందరి ముందర ఒట్టేసి చెప్తన్నా. ఇకమీదట ఏ పుస్తకంలో 'అనుకొనుము' అని ఉన్నా, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లు దగ్గర పెట్టుకుని, అనుకుంటానే తప్ప ఆముదం సీసా మూత కూడా తిప్పను. తిప్పితే వచ్చే జన్మలో దేవుడు నన్ను ఆ బండగా పుట్టించి, పెద్దబావ చేత పొద్దూ మాపూ నా మీద నడిపించు గాక!