హాయిల్ అంగట్లో ఉమ్ బద్మా

రియాద్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో ఎవరైనా ఏలకులు దంచి వేసి గహ్వా అనే అరబ్బు కాఫీ కాస్తే చాలు, ఉత్తరాన ఉన్న హాయిల్ ఊరి పాత అంగడి నా ముందుకొచ్చి నిలబడుతుంది. మట్టిగోడల నీడ, చలికాలపు ఎండలో మెరిసే ఖర్జూరాల గుట్టలు, తోలుసంచుల్లో గొర్రెనెయ్యి, కొత్త గోధుమల దుమ్ము, వీటన్నిటి మధ్య నా చిన్నతనం నడిచింది. నాన్న జగిత్యాల నుంచి వచ్చి ఆ ఊరి చుట్టూ ఉన్న గోధుమ చేలల్లో నీటి మోటార్లు బాగుచేసేవాడు. ప్రతి గురువారం అమ్మనూ నన్నూ అంగడికి తీసుకెళ్లేవాడు.

అక్కడ ఉమ్ సాలెహ్ అనే ముసలామె నేలమీద పట్టా పరిచి ఎండిన పెరుగు ఉండలు అమ్మేది. పూర్వం ఇరాక్ నుంచి మక్కా వెళ్లే యాత్రికులు ఈ ఊళ్లోనే ఆగి ఒంటెలకు నీళ్లు పెట్టుకునేవారనీ, తన తాత వాళ్లకు దారి చూపేవాడనీ ఆమె చెబుతుంటే, నాన్న తెలుగు చేసి వినిపించేవాడు. అక్కడి అలవాటు ప్రకారం అమ్మను ‘పద్మ తల్లి’ అని నా పేరుతోనే పిలిచేది. అరబ్బీలో ‘ఉమ్’ అంటే తల్లి, ‘ప’ లేదు కనుక అది ‘ఉమ్ బద్మా’ అయింది.

కువైట్ యుద్ధం మొదలయ్యాక కిటికీలకు టేపులు అంటించుకున్నాం. “ఎగ్జిట్ వీసా కొట్టియ్యుండ్రి, బిడ్డను తీస్కొని నేను ఇంటికి వోత” అని అమ్మ పట్టుబట్టింది. నాన్న సరేనన్నాడు. ప్రయాణపు సామాను కొనడానికి వెళ్లిన రోజే యుద్ధవిమానాలు పిడుగు పడ్డట్టు నెత్తిమీదుగా పోయాయి. జనం పరుగెత్తారు, షట్టర్లు దిగాయి, అమ్మ చెయ్యి జారిపోయింది. నన్ను తన నల్లని అబాయా కిందికి లాక్కున్నది ఉమ్ సాలెహే. పరాయి మగవాళ్ల ముందు ఎన్నడూ గొంతు పెంచని ఆ మనిషి, పక్కవాడి గోధుమ బస్తా ఎక్కి నిలబడి, “యా ఉమ్ బద్మా! యా ఉమ్ బద్మా!” అని అంగడంతా మారుమోగేలా అరిచింది.

అమ్మ ఉరికొచ్చి నన్నొకటి అంటించి, ఆమె భుజమ్మీద పడి ఏడ్చింది.

ఇంటికొచ్చాక, “ఎగ్జిట్ వద్దు తియ్యుండ్రి. నన్ను పిలిచేటామె ఈడ ఉన్నది” అంది నాన్నతో.

మరో పదకొండేళ్లు అక్కడే ఉన్నాం. అమ్మ సర్వపిండి చేసి తీసుకెళ్తే, రంజాన్‌కు ఆమె ఖర్జూరం కూరిన బిస్కెట్లు పంపేది.

పోయినేడు జగిత్యాల నుంచి నా దగ్గరికి వచ్చిన అమ్మను హాయిల్ తీసుకెళ్లాను. మట్టి అంగడి లేదు, నేలమీద అమ్మే ఆడవాళ్ల వరుస లేదు, ఆ చోట అద్దాల భవనం ఉంది. ఉమ్ సాలెహ్ పేరు ఎవరికీ తెలియదు. ఖర్జూరాల కౌంటర్‌లోని అమ్మాయి కుర్చీ చూపిస్తే వద్దని, అమ్మ నున్నటి గచ్చుమీదే కాళ్లు మడుచుకుని కూర్చుంది. కాపలా మనిషి అమ్మను లేపడానికి అటే వస్తుండగా ఆ అమ్మాయి కౌంటర్ వదిలి వచ్చి, అమ్మ పక్కనే నేలమీద కూర్చుని, ఖర్జూరాల పెట్టె మూత తీసింది.